నడుముకి ఇంటిపేరెందుకు?

మా లిఫ్టులో అతికించే కాగితాల మీద ఎప్పటికైనా ఓ నవల రాయాలని నాకు కోరిక. నీళ్ళ ట్యాంకరు రాదనీ, కుక్కల్ని లిఫ్టులో ఎక్కించరాదనీ, ఫలానా ఫ్లాటువారు మెయింటెనెన్సు కట్టలేదనీ, రోజుకో కాగితం. కిందటి నెలలో వాటి మధ్య ఓ గులాబిరంగు కాగితం వెలిసింది. శని, ఆదివారాల్లో సాయంత్రం అయిదు గంటలకి క్లబ్బు హాల్లో బెల్లీ డాన్సు నేర్పుతారట. ఆడవారికి మాత్రమేనట.

మూడో రోజుకి ఆ కాగితం లేదు. దాని చోట సెక్రటరీగారి సంతకంతో తెల్లకాగితం ఉంది. "ఈ విషయమై చర్చించుటకు ఆదివారం ఉదయం పది గంటలకు సభ్యుల సమావేశం. అందరూ తప్పక హాజరు కావలెను."

ఆర్నెల్లుగా మా సెల్లారులోకి మురుగునీరు వస్తోంది. దానికోసం సమావేశం పెట్టండి మహాప్రభో అని ఎన్ని ఉత్తరాలు రాసినా పెట్టలేదు. నడుం అనేసరికి మూడు రోజుల్లో పెట్టారు. చూశారా మరి, దేనికెంత తొందరో!

మా కొండాపూర్ సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. పాతికేళ్ళ కిందట ఇక్కడ బండరాళ్ళూ, సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేవని ముందుగా వచ్చి స్థిరపడ్డవాళ్ళు చెబుతారు. హైటెక్ సిటీ వచ్చింది, రాళ్ళన్నీ పోయి భవంతులు లేచాయి. ఓ పక్క శిల్పారామం, ఓ పక్క బొటానికల్ గార్డెన్, మధ్యలో కొత్తగూడ చౌరస్తా దగ్గర హారన్ల మోత. ఒక్కో కాంపౌండులో అయిదారువందల కాపురాలు. కాకినాడవాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, కాన్పూర్ వాళ్ళు, అందరం ఒకే లిఫ్టులో ఒకరి మొహం ఒకరు చూడకుండా దిగుతూ ఉంటాం. మా క్లబ్బు హాల్లో యోగా ఉంది, కరాటే ఉంది, కూచిపూడి ఉంది, జుంబా కూడా ఉంది. ఆ జుంబా ఎక్కడో కొలంబియా దేశంలో పుట్టింది. దాని పుట్టుపూర్వోత్తరాలు మా కమిటీ ఏనాడూ అడగలేదు. చెమట పడుతుంది, ఒళ్ళు తగ్గుతుంది, చాలు అన్నారు. ఈ పాపిష్ఠి నడుం డాన్సుకే కులగోత్రాలు కావలసి వచ్చాయి.

సమావేశానికి మావారు రానన్నారు. నేనూ, మా అత్తగారూ వెళ్ళాం. ఆవిడకి ఎనభై దగ్గర పడుతోంది. "ఇంట్లో కూర్చుని చేసేదేముంది, పద అమ్మాయీ, కాస్త కాలక్షేపం" అంటూ చేతికర్ర పుచ్చుకుని బయల్దేరారు.

ముందుగా రిటైరైన పెద్దమనిషి ఒకాయన లేచారు. ఇది మన సంస్కృతి కానే కాదన్నారు. అరబ్బు నవాబుల అంతఃపురాల్లో బానిస పిల్లల చేత ఆడించిన ఆట అనీ, సంసారుల పిల్లలు నేర్చుకోవడం ఏమిటనీ ఘట్టిగా కేకలేశారు. సగంమంది చప్పట్లు కొట్టారు.

రెండో ఆయన కాస్త ఉదారులు. "తొందరపడకండి. అసలిది మనదే!" అన్నారు. మన దేశంనించి వెళ్ళిన జిప్సీలు దీన్ని పడమటికి పట్టికెళ్ళారట. భరతుడి నాట్యశాస్త్రంలో అంతా ఉందిట. అంచేత పేరు మార్చి, ఏ ‘కటినాట్యం’ అనో పెట్టి, ముందు ఓ శ్లోకం చదివించి నేర్పితే అభ్యంతరం లేదన్నారు. మిగతా సగం చప్పట్లు కొట్టారు.

నేర్పబోయే అమ్మాయి అక్కడే ఉంది. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. పగలు ఏదో కంపెనీలో ఉద్యోగం. పాపం, ఆ అమ్మాయి కూడా తనని తాను రక్షించుకోవడానికి ఓ కథ తెచ్చుకుంది. ఇది వేల ఏళ్ళ కిందట అమ్మవారి గుళ్ళలో పుట్టిందనీ, సుఖప్రసవం కోసం ఆడవాళ్ళు చేసుకున్న వ్యాయామమనీ, ఇందులో అసభ్యం ఏమీ లేదనీ చెప్పింది. గొంతు వణుకుతోంది. నాకు అక్కడ మండింది. ఆ అమ్మాయి మీద కాదు. నేర్చుకుంటే బాగుంటుంది, నాకు వచ్చు, నేర్పుతాను అనే మూడు మాటలు చాలక, ఆ పిల్ల ఒక దేవతనీ, ఒక పురుటినొప్పినీ సాక్ష్యం తెచ్చుకోవలసి వచ్చిందే అని!

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. గులాబి కాగితం వెలిసిన రోజే మా అమ్మాయి "అమ్మా, నేను చేరనా?" అని అడిగింది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఇన్ని నవలలు రాసి, అన్నిట్లోనూ కథానాయికల చేత గుమ్మాలు దాటించిన నేను "ముందు పరీక్షలు కానీ" అన్నాను. పరీక్షలు అడ్డమని కాదు. నలుగురూ ఏమంటారో అని. అంచేత ఈ వ్యాసంలో నేను వేసే చురకల్లో ఒకటో రెండో నాకూ తగులుతాయి. తగలనివ్వండి.

బి.ఏ.లో చదివిన చరిత్ర పూర్తిగా మర్చిపోలేదు కనకనూ, మర్చిపోయిందాన్ని తర్వాత చదువుకున్నాను కనకనూ, ఆ ముగ్గురి కథలూ ఒక్కొక్కటే విప్పి చూద్దాం రండి.

మొదటిది అంతఃపురం కథ. అరబ్బు దేశాల్లో జనానా అంటే పరాయి మగవాడు అడుగుపెట్టడానికి వీల్లేని చోటు. మరి ఫ్రాన్సునించీ, ఇంగ్లండునించీ వచ్చిన చిత్రకారులు ఆ గదుల్లో అర్ధనగ్నంగా ఆడే సుందరుల్ని ఎలా చూసి బొమ్మలు వేశారు? చూడలేదు, ఊహించుకున్నారు. ఊహించుకున్నదాన్ని వాళ్ళ దేశంలో మంచి ధరకి అమ్ముకున్నారు. ఈజిప్టులో నిజంగా ఆడినవాళ్ళు అంతఃపురాల్లో దాక్కోలేదు. వీధుల్లో, పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో బహిరంగంగా ఆడినవాళ్ళని గవాజీలన్నారు. పెద్దిళ్ళ ఆడవాళ్ళ మధ్య పాడుతూ, కవిత్వం చెబుతూ ఆడేవాళ్ళని ఆల్మె అన్నారు. అరబ్బీలో ఆ మాటకి అర్థం ఏమిటనుకున్నారు? చదువుకున్నది, విదుషి! ఆ విదుషి పేరునే పారిస్ చిత్రకారుడు జెరోమ్ 1860లలో గీసిన నర్తకి బొమ్మకి తగిలించాడు. చదువు మాయమైంది, పొట్ట మిగిలింది.

అసలు ‘బెల్లీ డాన్సు’ అన్న పేరే వాళ్ళది కాదు. ఫ్రెంచివాళ్ళు ‘పొట్ట నాట్యం’ అని వెక్కిరింపుగా పెట్టిన పేరుని ఇంగ్లీషువాళ్ళు అనువదించుకున్నారు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ‘కైరో వీధి’ అని ఓ సెట్టింగు వేసి అక్కడ ఈ ఆట ఆడించారు. వివేకానందస్వామి అమెరికాకి వినిపించిందీ అదే ఏడు, అదే ఊళ్ళో, అదే ప్రదర్శన సందర్భంగా జరిగిన సర్వమత సభలోనే సుమండీ! ఒక సభలో తూర్పు దేశపు ఆత్మ గురించి విన్న జనమే, అదే ఊళ్ళో మరోచోట డబ్బిచ్చి తూర్పు దేశపు నడుం చూశారు. ఆ తర్వాత ‘లిటిల్ ఈజిప్టు’ అనే పేరు పెట్టుకుని అమెరికా అంతటా ఎంతమంది ఆడారో లెక్కలేదు.

ఈజిప్టువాళ్ళు మాత్రం దీన్ని ‘రక్స్ బలది’ అంటారు. బలది అంటే మన ఊరిది, మన నాటుది అని. రంగస్థలం మీదికెక్కిన రూపాన్ని ‘రక్స్ షర్కీ’, తూర్పు నాట్యం అంటారు. ఆ రంగస్థల రూపం అంత పాతదేమీ కాదు. బదియా మసాబ్నీ అనే ఆవిడ సిరియానించి వచ్చి 1926లో కైరోలో ఓ నాట్యశాల తెరిచింది. అంతకుముందు ఉన్నచోటనే నిలబడి ఆడే ఆటని వేదిక నలుమూలలా నడిపించింది, చేతులకి పని చెప్పింది, వాద్యాలు పెంచింది. తహియా కరియోకా, సామియా గమాల్ వంటి మహా నర్తకులు ఆవిడ దగ్గర తయారైనవాళ్ళే. ఇక మనకి సినిమాల్లో కనిపించే పూసల రవికా, జలతారు నడుంపట్టీ ఉన్నాయి చూడండీ, వాటిలో హాలీవుడ్ వేషాల వాటా బాగానే ఉందని పరిశోధకుల మాట. అంటే పడమటివాళ్ళు తూర్పుని ఊహించుకుని కుట్టిన బట్టల్ని తూర్పువాళ్ళు తొడుక్కున్నారన్నమాట!

రెండోది, మనదే అన్న కథ. జిప్సీలు మన దేశంనించి వెళ్ళారన్నది నిజమే. వాళ్ళ రోమానీ భాషకీ, మన ఉత్తరాది భాషలకీ చుట్టరికం ఉందని భాషావేత్తలు ఏనాడో తేల్చారు. సుమారు వెయ్యేళ్ళ కిందటి ప్రయాణం అది. అంతమాత్రాన ఈ ఆట కూడా వాళ్ళతోనే వెళ్ళిందనడం ఎలా ఉంటుందంటే, పక్కింటావిడ మొన్న మా ఇంట్లో పంచదార పట్టికెళ్ళింది కనక వాళ్ళింట్లో వండిన పాయసం మాదే అన్నట్టుంటుంది. అదే జిప్సీలు స్పెయినులో ఫ్లామెంకో ఆడతారు. అందులో పాదాల మోతది పెద్దపీట. వెళ్ళినచోటల్లా అక్కడి గాలికి తగ్గట్టు ఆడారు పాపం!

నాట్యశాస్త్రం మాటా నిజమే. భరతుడు పొట్ట కదలికలు మూడనీ, నడుం కదలికలు అయిదనీ లెక్కపెట్టి పేర్లు పెట్టాడు. కాని మెడకీ, కనుబొమలకీ, ముక్కుపుటాలకీ కూడా పెట్టాడు కదా! ముక్కు ఎగరేసిన ప్రతివాడూ మన శిష్యుడే అందామా? మనిషన్నవాడికి నడుం ఒకటే. దాన్ని పక్కకి, ముందుకి, వెనక్కి, గుండ్రంగా తిప్పడం తప్ప ఇంకో గతి లేదు. హవాయి దీవుల్లో తిప్పుతారు, ఆఫ్రికాలో తిప్పుతారు, మన జాతరల్లోనూ తిప్పుతారు. నవ్వడం ఎవరు కనిపెట్టారని వాదించుకుంటామా?

మూడోది అమ్మవారి కథ. ఈజిప్టు సమాధుల గోడల మీద నర్తకుల బొమ్మలున్నాయి, వాస్తవమే. అయితే గోడ మీది బొమ్మ కదలదు కదండీ! వేల ఏళ్ళ కిందట ఆ నడుం ఎటు తిరిగిందో ఆ బొమ్మ చెప్పదు. మొరాకోలో ప్రసవవేళ ఆడవాళ్ళు చుట్టూ చేరి ఇలా ఆడేవారని ఒక అమెరికన్ నర్తకి రాసింది. ఆడి ఉండొచ్చు. ఆడంతమాత్రాన అదే మూలం అనడానికి లేదు. పురుటి గదిలో చెప్పుకున్న కథలన్నీ పురుడు పోయడానికే పుట్టాయంటామా?

మూడు కథలూ తూకానికి నిలవ్వు. సరే, నిలవకపోతే పోనీ, కాలక్షేపం కబుర్లే కదా అంటారేమో. అక్కడే నా పోట్లాట. ఈ కథలు ఊరికే కూర్చోవు. కొంపలు ముంచుతాయి. ఎవరి కొంపలు ముంచాయో చూడ్డానికి కైరో దాకా పోనక్కర్లేదు. ముందు అక్కడి ముక్క ఒకటి చెప్పి మనింటికి వస్తాను.

1834లో ఈజిప్టు పాలకుడు మహమ్మదలీ కైరోలో నర్తకుల మీద నిషేధం పెట్టి, వాళ్ళని దక్షిణాది ఊళ్ళకి తరిమేశాడు. ఆటమటుకు ఆగిందా? ఆగలేదు. ఆడవేషం కట్టిన మగవాళ్ళు ఆడారు. జనం చూశారు, ముచ్చటపడ్డారు. నడుం తిరగడం తప్పు కాలేదు. ఆ నడుం ఆడదానిది కావడమే తప్పయింది.

ఇక మన సంగతి. కూచిపూడి అనగానే మనకి సిద్ధేంద్రయోగి గుర్తొస్తారు. ఆయన భామాకలాపం రచించి, కూచిపూడి అగ్రహారంలో మగపిల్లల చేత ఆడించారని పరంపరగా చెప్పుకునే కథ. ఆయన కాలం ఏదన్నదాని మీద పండితుల మధ్య శతాబ్దాల తేడా ఉంది. మన గోల్కొండ తానీషా ఆ ఆట చూసి మెచ్చి అగ్రహారం ఇచ్చాడనీ కథ ఉంది. అలా ఆడవేషం కట్టిన మగవారిలో వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామని చూసినవాళ్ళు ఇప్పటికీ కళ్ళు చెమర్చుకుంటారు. ఆ కళ గొప్పదే. నేను దాన్ని తగ్గించడం లేదు.

కాని అదే భామాకలాపాన్ని, గొల్లకలాపాన్ని, జావళీలనీ, పదాలనీ గోదావరి, కృష్ణా జిల్లాల్లో కళావంతుల ఇళ్ళ ఆడవాళ్ళు తరతరాలుగా ఆడారే, పాడారే, వాళ్ళ మాటేమిటి? గుడిలో స్వామి ముందు ఆడారు, జమీందారుల కొలువులో ఆడారు, పెళ్ళిళ్ళలో మేజువాణీలు చేశారు. క్షేత్రయ్య పదం వాళ్ళ గొంతుల్లో బతికింది. 1890లనించీ మద్రాసు రాజధానిలో నాచ్ వ్యతిరేకోద్యమం సాగింది. మన వీరేశలింగం పంతులుగారు కూడా అందులో గొంతు కలిపారు. చివరికి 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని దేవుడికి అంకితం చెయ్యడాన్ని నిషేధించింది. సంతోషం. దానితోపాటు గుడి ఆవరణలో ఆడదాని నాట్యాన్నే నిషేధించింది. 1956లో ఆంధ్రలో ఆ చట్టాన్ని సవరించి పెళ్ళిళ్ళలో మేళాలని కూడా ఆపేశారు.

ఆ తేదీ గుర్తుంచుకోండి, 1956. రెండేళ్ళు తిరిగేసరికి, 1958లో, ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు జరిగింది. కూచిపూడి అసలు శాస్త్రీయ నృత్యమా, భరతనాట్యానికి పిల్లపాయా అన్న పేచీ వచ్చింది. మనవాళ్ళకి పౌరుషం పొడుచుకొచ్చింది. మనకీ ఓ నాట్యం కావాలి, దానికో మూలపురుషుడు కావాలి, శాస్త్రం కావాలి. అన్నీ ఉన్నాయని చూపించారు, గెలిచారు. గెలిచినందుకు నాకూ సంతోషమే. కాని ఆ మూలకథలో యోగి ఉన్నాడు, అగ్రహారం ఉంది, నవాబు ఉన్నాడు. నిన్నమొన్నటిదాకా గజ్జెకట్టిన ఆడది లేదు. ఆవిడ కాళ్ళకి చట్టం అడ్డం పడ్డ కాలంలోనే, ఆ అడుగులకి పక్కింట్లో గౌరవం పెరిగింది.

వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు, వెంపటి చినసత్యంగారు వంటి గురువులు ఆడపిల్లలకి నేర్పారు. ఇవాళ కూచిపూడి అంటేనే ఆడపిల్లల నాట్యం. 2014లో మా పక్కనే, గచ్చిబౌలి స్టేడియంలో ఆరువేలమందికి పైగా కలిసి ఆడి గిన్నిస్ పుస్తకానికెక్కారు. ఇది మంచిది కాదని ఎవరంటారు? అన్ని వేల జతల గజ్జెల్లో ఒక్క జతైనా ఆ పాత ఇళ్ళనించి వచ్చిందా అని మాత్రం నాకు అడగాలనిపిస్తుంది.

నటరాజ రామకృష్ణగారు ఆ ఇళ్ళ గుమ్మాలెక్కి, వృద్ధ కళాకారిణులని బతిమాలి, ఆంధ్రనాట్యం పేరుతో కొంత నిలబెట్టారు. స్వప్నసుందరిగారు విలాసినీ నాట్యంగా మరికొంత నిలబెట్టారు. మా ఇంటికి కొద్ది మైళ్ళ దూరంలో, నానక్‌రామ్‌గూడలో, అద్దాల ఆఫీసుల నడుమ రంగబాగ్ రంగనాథస్వామి గుడి ఉంది. 1990లలో స్వప్నసుందరిగారు గుడి ఆరాధన నాట్యాన్ని మళ్ళీ అక్కడికి తెచ్చారు. సాఫ్ట్‌వేరు బస్సులు రోజూ ఆ పక్కనించే వెళతాయి. ఎంతమందికి తెలుసో!

పుస్తకాలకీ ఈ గతే పట్టింది. తంజావూరి ముద్దుపళని రాధికాసాంత్వనం రాస్తే, మన పెద్దలు దాన్ని రాసింది ఎవరో చూసి మొహం తిప్పుకున్నారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దాన్ని మళ్ళీ అచ్చు వేయించారు. మగవాళ్ళు రాస్తే శృంగారం, ఆడది రాస్తే బూతా అని నిలదీశారు. మర్నాడే అన్నట్టుగా 1911లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు అధికారంలోకి వచ్చాక గాని ఆ నిషేధం తొలగలేదు.

ఇక సినిమాల మాట ఎత్తొద్దంటే ఎలా? జ్యోతిలక్ష్మి, జయమాలిని క్లబ్బు డాన్సులకి హాల్లో ఈలలు వేసిన మగవాళ్ళే ఇంటికొచ్చి చెల్లెలి ఓణీ సర్దారు. ఏలూరు దగ్గర పల్లెలో పుట్టిన విజయలక్ష్మి సిల్క్ స్మిత అయింది. ఆమె ఆడితే సినిమా ఆడింది. 1996లో ముప్ఫై అయిదేళ్ళకే పోయింది. మనవాళ్ళ సంస్కృతి ఆ పిల్ల డబ్బుల్ని మాత్రం మైలపడ్డవి అనలేదు.

సభలో ఇంత ప్రసంగం చెయ్యలేదు లెండి, నాకంత ధైర్యం లేదు. రెండు ముక్కలు మాట్లాడేసరికే మొదటాయన "ఏమమ్మా, అయితే దేవదాసీ వ్యవస్థ మంచిదంటావా? మళ్ళీ తెమ్మంటావా?" అన్నారు.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పి తీరాలి. ఎందుకంటే ప్రశ్న సరైనదే. మంచిదనను. పసిపిల్లని అడక్కుండా దేవుడి పేరు చెప్పి ఊరికి అప్పగించడం ఘోరం. ముత్తులక్ష్మిరెడ్డిగారు దాని మీద పోరాడారంటే, తల్లివైపునించి ఆ వెతలు ఎరిగినావిడ కనక పోరాడారు. మన యామినీ పూర్ణతిలకంగారు ఆ కులంలో పుట్టే ఆ ఆచారాన్ని ఎదిరించారు. మన తెలంగాణ పల్లెల్లో జోగినీ పేరుతో సాగిన దురన్యాయానికి 1988లో వేరే చట్టమే చెయ్యవలసి వచ్చింది. ఆ రోజుల్ని బంగారు రోజులని పాడేవాళ్ళతో నేను కలవను.

అయితే అమ్మాయి మెడలో బలవంతాన కట్టిన తాడు తెంపడం వేరు, ఆ అమ్మాయి కాలి గజ్జె తెంపడం వేరు. మనం రెండూ ఒక్క కత్తితో తెంపాం. తాడు తెగితే స్వేచ్ఛ వచ్చేది. గజ్జెతోపాటు జీవనం తెగింది. ఆవిడకి వచ్చిన విద్యకి ఓ బడి పెట్టి, జీతం ఇచ్చి, "అమ్మా, మా పిల్లలకి నేర్పు" అన్నవాళ్ళు ఎంతమంది? నర్తకి బతుకు బాగుపడాలని చట్టం చేసినప్పుడు, నర్తకి చేతిలో పని ఉంచాలన్న ఇంగితం ఉండద్దూ? కరిన్ వాన్ న్యూకెర్క్ అనే డచ్చి పరిశోధకురాలు కైరో నర్తకుల మధ్య తిరిగి, వాళ్ళ కష్టసుఖాలు విని, 1995లో ఓ పుస్తకం రాసింది. దానికి పెట్టిన పేరు ‘అన్ని వృత్తుల్లాంటిదే ఓ వృత్తి’ అని. మూలాల గురించి పోట్లాడే పండితులకి తట్టనిది అదే. వాళ్ళకి ఆట కావాలి. ఆడేమనిషి అద్దె ఎలా కడుతోందో అక్కర్లేదు.

సభ ఏం తేల్చిందంటారా? తేల్చలేదు. ఉపసంఘం వేశారు. ‘నాట్యం యొక్క మూలాలు పరిశీలించి’ నివేదిక ఇవ్వాలట. అందులో ఇద్దరు ఇంజనీర్లు, ఒక ఆడిటరు. ఆ అమ్మాయి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి కాఫీ కలుపుతుంటే మా అత్తగారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. ఉన్నట్టుండి "మా పెదనాన్నగారింట్లో పెళ్ళికి మేళం వచ్చింది అమ్మాయీ, నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. అదే ఆఖరు, తర్వాత రానివ్వలేదు" అన్నారు.

"ఎలా ఉండేదండీ?" అన్నాను.

"ఎలా ఉండేదంటే ఏం చెప్పను? లావుపాటి మనిషి, పెద్దావిడే. కూర్చునే పాడింది. కూర్చునే చేత్తో ఇలా అంది." ఆవిడ కుడిచెయ్యి ఛాతీ దగ్గరకి తెచ్చి, వేళ్ళు మెల్లిగా విప్పి, మెడ ఒక్క పిసరు వాల్చారు. ఎనభైయేళ్ళ మా అత్తగారి మొహంలోకి ఎక్కణ్ణించో ఓ అలక వచ్చి కూర్చుంది. నా చేతిలో పాలగిన్నె అలాగే ఉండిపోయింది. "ఆ తర్వాత రెండేళ్ళకి ఆవిడ మా ఊళ్ళో అప్పడాలు అమ్ముకునేది. మా అమ్మ ఆవిడ దగ్గరే కొనేది. కొని, ఎవరూ లేకుండా చూసి, ఇదిగో ఈ చెయ్యి ఒక్కటీ నేర్పించుకుంది. మా నాన్నకి తెలిస్తే చంపేసేవాడు. అమ్మ దొడ్లో నాకు నేర్పింది."

"ఇన్నాళ్ళూ మాతో చెప్పలేదేమండీ?"

"మీరడిగితేగా! ఆవిడ పేరేమిటో కూడా నాకు తెలీదు. అప్పడాలావిడ అనేవాళ్ళం."

అదండీ, మన తెలుగు నాట్యానికి మూలం ఎక్కడుందో వెదికే ఉపసంఘంవారికి నేనివ్వగలిగిన సాక్ష్యం. అది అప్పడాల బుట్టలో ఉంది. పేరు లేదు.

మర్నాడు ఆ గులాబి కాగితం అమ్మాయికి ఫోను చేశాను. మా హాల్లో సోఫాలు పక్కకి జరిపితే ఎనిమిదిమంది పడతారు, ఫీజు మాత్రం తగ్గించొద్దు అన్నాను. అమ్మవారి కథ, పురిటి కథ చెప్పొద్దనీ, తహియా కరియోకా కథ చెప్పమనీ అడిగాను. తహియా బదియా నాట్యశాలలో నిలదొక్కుకుని, సినిమాల్లో నటించి, 1950లలో రాజకీయాలవల్ల జైలుకి కూడా వెళ్ళొచ్చింది. అంత పెద్ద పండితుడు ఎడ్వర్డ్ సయీద్ 1990లో ఆవిడ మీద గౌరవంగా వ్యాసం రాశాడు. పిల్లలకి తెలియాల్సింది అలాంటి మనుషుల పేర్లు. ఆట ఏ దేశంలో పుట్టిందన్నది తీరుబడిగా వాదించుకోవచ్చు. ఆడినవాళ్ళ పేర్లు మాత్రం మనం అడక్కపోతే పోతాయి.

శనివారం నించీ క్లాసు మొదలైంది. మా అమ్మాయి ముందు వరసలో ఉంది, పరీక్షలు ఉండగానే. కింది ఫ్లాటువారు చప్పుడు అవుతోందని ఇప్పటికే రెండుసార్లు ఫిర్యాదు చేశారు. సెక్రటరీగారు లిఫ్టులో కొత్త కాగితం అతికించారు. మా అత్తగారు రోజూ గోడవారన కుర్చీలో కూర్చుని చూస్తారు. మొన్న ఆ అమ్మాయి దగ్గరికి పిలిచి, "నడుం బాగానే ఉంది గాని తల్లీ, చెయ్యి అలా కాదు, ఇలా" అని చూపిస్తున్నారు.

ఏ దేశపు చెయ్యి అని ఎవరూ అడగలేదు.